కార్డు వెనుక వైపు

(ఎనిమిదో తరగతి తెలుగు విద్యార్థులు కలిసి రాసిన వ్యాసం)

మా తరగతిలో తెలుగు చదివేవాళ్ళం తొమ్మిది మందిమి. మా అమ్మానాన్నల్లో కొందరు రైల్వేలో, కొందరు బ్యాంకులో, ఒకరు ఆదాయపు పన్ను శాఖలో పనిచేస్తున్నారు. అందుకే మాలో ఎవరూ పుట్టిన ఊళ్ళో చదవడం లేదు. ఒకరికి ఒకటో తరగతి వాల్తేరులో, మూడో తరగతి ఖరగ్‌పూర్‌లో, ఆరో తరగతి టాటానగర్‌లో. "మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పలేం. ఏ ఊరు చెప్పాలో కాసేపు ఆలోచించుకోవాలి.

మాలో ఒక మిత్రుడికి మాత్రం జంషెడ్‌పూర్‌లో సొంత ఇల్లు లాంటిది ఒకటుంది. అది సీతారాండేరాలో వాళ్ళ అమ్మ నాన్నగారి ఇల్లు. ఆ తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి చిన్న వయసులోనే ఇక్కడికి వచ్చి, ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. ఆ ఇంటి వెనుక చిన్న మట్టి మైదానం ఉంది. ఆదివారం సాయంత్రాల్లో మేమూ, ఆ వీధి పిల్లలూ అక్కడ హాకీ ఆడతాం. హో, సంతాలీ, హిందీ, బెంగాలీ, తెలుగు అన్నీ అక్కడ వినిపిస్తాయి. "ఇటు కొట్టు" అన్న మాట మాత్రం ఏ భాషలో అరిచినా అందరికీ అర్థమవుతుంది.

మొన్న జనవరిలో ఒక ఆదివారం వాన పడింది. ఆట లేదు. తాతగారు పాత బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి మా ముందు పెట్టారు. అందులో బస్సు టిక్కెట్లు, పాత నాణేలు, స్టాంపులు, వాటి అడుగున ఒక అట్టముక్క ఉన్నాయి. ఈ వ్యాసం ఆ అట్టముక్క గురించే.

ఇది ఏ హాకీ?

పేకముక్క కంటే కాస్త పెద్దగా ఉంది ఆ అట్ట. కొలిస్తే వెడల్పు రెండున్నర అంగుళాలు, పొడవు మూడున్నర అంగుళాలు. ముందు వైపు రంగుల ఫోటో. అందులో ఒక యువకుడు చేతులతో ఒక ఆటచొక్కాను పట్టుకుని చూపిస్తున్నాడు. ఆట ఆడటం లేదు, పరుగెత్తడం లేదు. మాలో ఒకరు "ఈయన బట్టల షాపాయనా?" అని అడిగేసరికి అందరం నవ్వాం.

తాతగారు కథ చెప్పారు. ఆయన తమ్ముడు ఉద్యోగం కోసం కెనడా వెళ్ళి ఎడ్మంటన్ అనే ఊళ్ళో స్థిరపడ్డారు. మా మిత్రుడి మేనమామ అప్పట్లో మాలాగే బడిపిల్లాడు, సీతారాండేరా మైదానంలో హాకీ ఆడేవాడు. "మీవాడు హాకీ ఆడతాడట కదా, ఇక్కడ ఊరంతా హాకీయే" అంటూ ఆ చిన్న తాతగారు ఉత్తరంలో ఈ కార్డు పెట్టి పంపారు. కవరులో పట్టడానికి మధ్యకు మడిచారు కాబోలు, నిలువునా ఒక గీత పడింది. కార్డు అందుకున్న మేనమామకు ఏమీ అర్థం కాలేదట. కెనడాలో హాకీ అంటే మంచు మీద ఆడేది. మనకు హాకీ అంటే నేల మీద ఆడేది.

రెండింటికీ తేడా ఇలా గుర్తుపెట్టుకోవచ్చు. మన హాకీలో జట్టుకు 11 మంది, వాళ్ళది ఐస్ హాకీ కాబట్టి గోల్‌కీపరుతో కలిపి ఒకేసారి ఆరుగురే. మనది గుండ్రని బంతి, వాళ్ళది నల్లని రబ్బరు బిళ్ళ, పేరు పక్. మనం బూట్లతో పరుగెడతాం, వాళ్ళు ఇనుప పలకలున్న స్కేట్లతో జారుతారు. వాళ్ళ ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. మన ఆట ఇప్పుడు 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు, అప్పట్లో 35 నిమిషాల చొప్పున రెండు భాగాలు.

ఇలాంటి కార్డులు ఎలా పుట్టాయి?

ఆటగాళ్ళ బొమ్మల కార్డులు మొదట సిగరెట్ పెట్టెల్లో వచ్చాయి. పెట్టె మెత్తగా నలిగిపోకుండా లోపల ఒక అట్ట పెట్టేవారు. ఖాళీగా ఎందుకని దాని మీద బొమ్మ అచ్చువేశారు. కెనడాలో 1910-11 నాటికే హాకీ ఆటగాళ్ళ కార్డులు ఇలా వచ్చాయి. తరువాత మిఠాయిలు, బబుల్‌గమ్ అమ్మే కంపెనీలు ఆ పని చేపట్టాయి. పిల్లలు గమ్ కోసం కొన్నారో, కార్డు కోసం కొన్నారో చెప్పలేం. మన దగ్గర బబుల్‌గమ్‌తో క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు వచ్చేవని, వాటి కోసం గమ్ నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టేవని మా నాన్నగార్లు చెబుతుంటారు. అదీ ఇదీ ఒకటే.

మా చేతిలోని కార్డు 1988-89 సంవత్సరానిది. ఫోటోలోని ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ. ఐస్ హాకీలో ఆయన పేరు మన హాకీలో ధ్యాన్‌చంద్ పేరు లాంటిది. ఆయన మొదటి కార్డు 1979-80లో ఓ-పీ-చీ అనే కెనడా కంపెనీ అచ్చువేసింది. ఏ మచ్చా లేని అలాంటి కార్డు ఒకటి 2021లో 37 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. ఈ సంగతి తెలియగానే అందరం తాతగారి డబ్బా వైపు మళ్ళీ చూశాం. కానీ మాది ఆ కార్డు కాదు, అది వచ్చిన తొమ్మిదేళ్ళకు వచ్చినది. పైగా మధ్యలో మడత. పాత కార్డుకు విలువ కట్టేటప్పుడు నాలుగు సంగతులు చూస్తారు: మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ సరిగ్గా మధ్యలో ఉందా లేదా అన్నది. దానికి ముందు కార్డు అసలుదా నకలుదా తేల్చుకోవాలి. భూతద్దంతో చూస్తే అసలు కార్డు మీద నల్లని అక్షరాలు నిండుగా ఉంటాయి. కార్డును ఫోటో తీసి మళ్ళీ అచ్చువేసిన నకలులో అక్షరాలు కూడా చిన్న చిన్న చుక్కలుగా విడిపోయి కనిపిస్తాయి.

"మడత పడ్డదాన్ని ఎవడు కొంటాడు, చదువుకోండి" అన్నారు తాతగారు. నిజమే. డబ్బు సంగతి అక్కడితో వదిలేసి కార్డును తిప్పాం.

కార్డు వెనుక లెక్కలు

హాకీ కార్డు వెనుక ఆటగాడి జాతకం ఉంటుంది. పుట్టిన తేదీ, ఊరు, ఎత్తు, బరువు, ఏ చేతివాటం, ఏ ఏడాది ఏ జట్టుకు ఆడాడు అన్నవి. వాటి పక్కన నాలుగు గడులు. ఒకటి ఆడిన ఆటలు. రెండోది గోల్స్. మూడోది సాయాలు, అంటే గోల్ కొట్టినవాడికి పక్‌ను అందించడం. ఐస్ హాకీలో ఒక గోల్‌కు ఇద్దరిదాకా సాయం చేసినవారి పేర్లు రాస్తారు. నాలుగోది పాయింట్లు. గోల్స్, సాయాలు కలిపితే పాయింట్లు.

గ్రెట్జ్‌కీ 1961 జనవరి 26న కెనడాలోని బ్రాంట్‌ఫర్డ్‌లో పుట్టాడు. 1979 నుంచి 1988 దాకా తొమ్మిది సీజన్లు నేషనల్ హాకీ లీగ్‌లో ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టుకు ఆడాడు. ఆ తొమ్మిదేళ్ళ గోల్స్ ఇవి: 51, 55, 92, 71, 87, 73, 52, 62, 40. సాయాలు ఇవి: 86, 109, 120, 125, 118, 135, 163, 121, 109. కూడి చూడండి. గోల్స్ 583, సాయాలు 1086, పాయింట్లు 1669.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 1981-82లో ఆయన 92 గోల్స్ కొట్టాడు. ఒకే సీజన్‌లో అన్ని గోల్స్ ఇప్పటిదాకా ఇంకెవరూ కొట్టలేదు. అయినా ఆ ఏడాది కూడా ఆయన సాయాలు 120. అంటే తాను కొట్టినవాటి కంటే పక్కవాడిచేత కొట్టించినవే ఎక్కువ. 1999లో ఆట మానేసేనాటికి ఆయన మొత్తం గోల్స్ 894, సాయాలు 1963. ఆ 894 గోల్స్ రికార్డును 2025 ఏప్రిల్‌లో అలెగ్జాండర్ ఒవెచ్‌కిన్ దాటాడు. సాయాల రికార్డు మాత్రం చెక్కుచెదరలేదు. గ్రెట్జ్‌కీ గోల్స్ అన్నీ తీసేసినా, ఒట్టి సాయాలతోనే ఆయన పాయింట్లు ఆ లీగ్‌లో మిగతా అందరి కంటే ఎక్కువ.

ఇంత తెలిసింది ఆ మూడో గడి వల్ల. "సాయాలు" అన్న గడి లేకపోతే ఇదంతా ఎవరికీ కనిపించేది కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ అవసరమవుతుంది.

బదిలీ రోజు ఫోటో

మరి ముందు వైపు ఆయన చేతిలో చొక్కా ఎందుకుంది? అది ఆయన బదిలీ రోజు.

ఆయిలర్స్ జట్టు 1984, 1985, 1987, 1988లో స్టాన్లీ కప్పు గెలిచింది. నాలుగో కప్పు గెలిచి మూడు నెలలైనా కాకముందే, 1988 ఆగస్టు 9న జట్టు యజమాని గ్రెట్జ్‌కీని లాస్ ఏంజెలెస్ కింగ్స్ జట్టుకు ఇచ్చేశారు. ఆయనతో పాటు మరో ఇద్దరు ఆటగాళ్ళు వెళ్ళారు. బదులుగా ఎడ్మంటన్‌కు ఇద్దరు ఆటగాళ్ళు, భవిష్యత్తులో కొత్తవారిని ముందుగా ఎంచుకునే హక్కులు మూడు, కోటీ 50 లక్షల డాలర్లు వచ్చాయి. వాళ్ళ ఆటలో దీన్ని ట్రేడ్ అంటారు. అంటే మార్పిడి. జట్టు తన ఆటగాణ్ణి ఇంకో జట్టుకిచ్చి, బదులుగా మరొకటి తీసుకుంటుంది. ఎడ్మంటన్‌లో పత్రికల వారి ముందు మాట్లాడుతూ గ్రెట్జ్‌కీ ఏడ్చేశాడు. అదే రోజు కొత్త జట్టు చొక్కా అందుకున్నాడు. మా కార్డు మీద ఉన్నది ఆ చొక్కాయే.

ఈ భాగం చదువుతున్నప్పుడు గదిలో ఎవరం మాట్లాడలేదు. బదిలీ కాగితం ఇంటికి వచ్చిన రోజు ఎలా ఉంటుందో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. సామాను కట్టడం, టి.సి. తెచ్చుకోవడం, చివరిరోజు తరగతి ఫోటో, "ఉత్తరాలు రాయి" అనడం, నాలుగు నెలల తర్వాత ఎవరూ రాయకపోవడం.

కానీ ఆ కథలో తరువాతి అధ్యాయం ఒకటుంది. 1989 అక్టోబరు 15న కింగ్స్ జట్టు ఎడ్మంటన్‌కు ఆడటానికి వచ్చింది. ఆ రాత్రి గ్రెట్జ్‌కీ గోర్డీ హోవ్ పేరున ఉన్న 1850 పాయింట్ల రికార్డును దాటాడు. ప్రత్యర్థి చొక్కా వేసుకుని, తన పాత ఊళ్ళో, తన పాత జట్టు మీద. ఆ ఊరి జనం లేచి చప్పట్లు కొట్టారు. జట్టు మారినా ఊరు ఆయన్ని మరచిపోలేదు.

మన ఆటగాళ్ళకు కార్డు ఎక్కడ?

అప్పుడు మా తెలుగు మేడమ్ ఒక ప్రశ్న వేశారు. "కెనడా ఆటగాడి గురించి ఇంత చెప్పారు. మీరున్న ఈ రాష్ట్రం హాకీకి పుట్టిల్లు. ఇక్కడి ఆటగాడు ఒకరికి కార్డు చేస్తే వెనుక ఏం రాస్తారు?"

జార్ఖండ్‌లో వెతకడానికి దూరం పోనక్కర్లేదు. భారత హాకీ జట్టు మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళ్ళింది 1928లో, ఆమ్‌స్టర్‌డామ్‌కు. ఆ జట్టు నాయకుడు జైపాల్ సింగ్ ముండా. ఖూంటీ దగ్గర టకరా గ్రామంలో పుట్టి, రాంచీలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళాడు. అప్పుడాయన ఐ.సి.ఎస్. శిక్షణలో ఉన్నాడు. ఆటకు సెలవు దొరకకపోయినా వెళ్ళి ఆడాడు. తరువాత ఆ ఉద్యోగాన్నే వదులుకున్నాడు. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు 29 గోల్స్ కొట్టింది, ఒక్కటీ ఇవ్వలేదు. ఫైనల్లో మాత్రం జైపాల్ సింగ్ ఆడలేదు. తరువాత ఆయన రాజ్యాంగ సభలో ఆదివాసుల పక్షాన గొంతు విప్పాడు.

ఇక మేము కార్డు చేయడానికి ఎంచుకున్నది ఇంకొకరిని. మైకేల్ కిండో. ఎందుకో చెబుతాం.

కిండోది సిమ్‌డేగా ప్రాంతం. అక్కడ ఊరూరా హాకీ పోటీలు పెడతారు. గెలిచిన జట్టుకు బహుమతి కప్పు కాదు, మేక. ఆట అయ్యాక దాన్ని వండుకుని అందరూ కలిసి తింటారు. పిల్లలు వెదురు కర్రనే వంచి స్టిక్ చేసుకుంటారు. అలాంటి చోట నుంచి వచ్చి కిండో నౌకాదళంలో చేరాడు. సర్వీసెస్ తరఫున ఆడుతూ భారత జట్టుకు ఎంపికయ్యాడు. తరువాత రూర్కెలా ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేశాడు. టాటానగర్‌లో ముంబయి వైపు రైలెక్కితే దారిలో వచ్చే రూర్కెలాయే అది.

ఇక్కడ రెండు దేశాల తేడా తెలుస్తుంది. గ్రెట్జ్‌కీకి ఆటే ఉద్యోగం. జట్టే జీతమిచ్చింది, జట్టే ఆయన్ని వేరే జట్టుకు ఇచ్చేసింది. మన ఆటగాళ్ళకు ఆ రోజుల్లో ఆట జీతమిచ్చేది కాదు. సైన్యమో, రైల్వేలో, విమానయాన సంస్థో, పోలీసు శాఖో, ఉక్కు కర్మాగారమో ఉద్యోగమిచ్చేది. ధ్యాన్‌చంద్ సిపాయిగా సైన్యంలో చేరి మేజరుగా రిటైరయ్యారు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన సిమ్‌డేగా ఆటగాడు సిల్వానస్ డుంగ్‌డుంగ్ కూడా సైనికుడే. మూడు ఒలింపిక్స్ ఆడిన మన హైదరాబాదు ఆటగాడు ముకేశ్ కుమార్ ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. కాబట్టి మన ఆటగాడి కార్డు మీద గ్రెట్జ్‌కీ కార్డు మీద లేని ఒక వరుస ఉండాలి. అది "ఉద్యోగం" అన్న వరుస. ఆటకు వేతనమిచ్చే లీగులు మన దగ్గర చాలా ఆలస్యంగా వచ్చాయి. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది, మొదటి ఏడాది హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. 2013లో హాకీ ఇండియా లీగ్ మొదలైంది, మొదటి ఏడాది రాంచీ రైనోస్ గెలిచింది. మొదటి కప్పు ఒకటి మా సొంత రాష్ట్రాల వైపు, ఒకటి మేమున్న రాష్ట్రం వైపు వచ్చిందని సరదాగా చెప్పుకున్నాం.

మేము చేసిన కార్డు

ఒక చార్టు ముక్కను రెండున్నర అంగుళాలకు మూడున్నర అంగుళాలుగా కత్తిరించాం. ముందు వైపు మాలో బొమ్మలు బాగా వేసే అమ్మాయి స్టిక్ పట్టుకున్న డిఫెండరు బొమ్మ వేసింది. వెనుక ఇలా రాశాం:

పేరు: మైకేల్ కిండో
పుట్టిన తేదీ: 20 జూన్ 1947
ప్రాంతం: సిమ్‌డేగా (నేటి జార్ఖండ్)
స్థానం: ఫుల్‌బ్యాక్
ఉద్యోగం: భారత నౌకాదళం, తరువాత రూర్కెలా ఉక్కు కర్మాగారం
ప్రపంచ కప్పు: 1971 కాంస్యం, 1973 రజతం, 1975 స్వర్ణం
ఒలింపిక్స్: 1972 మ్యూనిక్, కాంస్యం
పురస్కారం: అర్జున, 1972
మరణం: 31 డిసెంబరు 2020, రూర్కెలా

చక్కగా ఉంది. కానీ 1975 గురించి చదివాక మాకు ఈ కార్డు చాలదనిపించింది.

ఆ ఏడాది ప్రపంచ కప్పు కౌలాలంపూర్‌లో జరిగింది. సెమీఫైనల్లో మనకు ఎదురుపడింది ఆతిథ్య జట్టు మలేషియా. మైదానం నిండా వాళ్ళ జనం. 70 నిమిషాల ఆటలో ఇంకా కొద్ది నిమిషాలే మిగిలాయి. మనం 1-2తో వెనకబడి ఉన్నాం. అప్పుడు కిండోను బయటికి పిలిచి, అతని చోట అస్లాం షేర్‌ఖాన్‌ను పంపారు. మనకు పెనాల్టీ కార్నర్ దొరికింది. అస్లాం మెడలోని తాయెత్తును ముద్దుపెట్టుకుని కొట్టాడు. గోల్! లెక్క 2-2. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ ఇంకో గోల్ కొట్టాడు. మనం 3-2తో గెలిచాం. మార్చి 15న ఫైనల్లో పాకిస్తాన్ మొదట గోల్ కొట్టింది. సుర్జీత్ సింగ్ దాన్ని సమం చేశాడు. ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ రెండోది కొట్టాడు. 2-1. భారత పురుషుల జట్టు హాకీ ప్రపంచ కప్పు గెలిచింది ఆ ఒక్కసారే.

అస్లాం కథ అందరూ చెబుతారు, చెప్పవలసిన కథే. అదే క్షణంలో గీత దాటి బయటికి నడిచిన ఆటగాడి కథ ఎక్కువమంది చెప్పరు. ఈ రోజుల్లో హాకీలో ఆటగాళ్ళు ఎన్నిసార్లయినా బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావచ్చు. అప్పట్లో ఆ వీలు లేదు. బయటికి వస్తే ఆ ఆట అయిపోయినట్టే. తన జట్టు ఓడిపోతున్న సమయంలో, తన చోటు ఇంకొకడికి ఇచ్చి బయట నిలబడటం చిన్న పని కాదు. అతను చోటు ఖాళీ చేస్తేనే ఆ గోల్ కొట్టినవాడు లోపలికి రాగలిగాడు. ప్రపంచ కప్పు చరిత్రలో దీనికి గడి ఏదీ లేదు. గోల్ కాదు, సాయం కూడా కాదు.

కిండో ఫుల్‌బ్యాక్. ఫుల్‌బ్యాక్ పని గోల్ పడకుండా చూడటం. పడిన గోల్స్ లెక్క ఎవరైనా రాస్తారు. పడకుండా ఆపినవి ఎన్నో, ముఖ్యంగా ఆ రోజుల్లో, ఎవరు లెక్కపెట్టారు? గ్రెట్జ్‌కీ కార్డులో ఆ మూడో గడి లేకపోతే ఆయన గొప్పతనం సగం కనిపించేది కాదని పైన చెప్పుకున్నాం. కిండోకు కావలసిన గడి ఏ కార్డులోనూ లేదు. అందుకని మా కార్డు చివర ఇంకో వరుస చేర్చాం:

గుర్తుంచుకోవలసినది: 1975 సెమీఫైనల్లో జట్టు కోసం చోటు వదిలాడు.

సున్నా గోల్స్

ఇప్పుడు మా జట్టు సంగతి.

ఫిబ్రవరిలో మా మిత్రుడి నాన్నగారికి బదిలీ వచ్చింది. ఈసారి విజయవాడకు. వార్షిక పరీక్షలు కాగానే బయలుదేరాలి. వెళ్ళేముందు అతనికీ ఒక కార్డు చేసి ఇద్దామని అనుకున్నాం. మా ఆదివారం ఆటల లెక్క రాసే నోటుపుస్తకం ఒకటుంది. అందులో ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో మూడేళ్ళ నుంచి రాస్తున్నాం. తెరిచి చూశాం. మిగతావాళ్ళ పేర్ల ఎదుట అంకెలున్నాయి. అతని పేరే లేదు. మూడేళ్ళలో అతను ఒక్క గోల్ కూడా కొట్టలేదు. మా జట్టులో అతను బ్యాక్.

కార్డు మీద "గోల్స్: 0" అని రాయాలా? "అసలు రాయొద్దు, వదిలేద్దాం" అన్నారు కొందరు. "అబద్ధం రాయకూడదు" అన్నారు ఇంకొందరు. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి సీతారాండేరా వీధి పిల్లల్ని పిలిచి అడిగాం. వాళ్ళు మా నోటుపుస్తకంలో లేని సంగతులు చెప్పారు. ఒకడు "నా బంతి మూడుసార్లు గోల్ గీత మీద ఆపాడు" అన్నాడు. ఇంకొకడు "కాలికి దెబ్బ తగిలితే నా స్టిక్ ఇంటిదాకా మోసుకొచ్చాడు" అన్నాడు. అందరికంటే చిన్నవాడు, రెండో తరగతి వాడు, "నన్ను ఆటలో చేర్చుకోమని చెప్పింది భయ్యానే" అన్నాడు.

కార్డు వెనుక ఆ మూడూ రాశాం. గోల్స్ దగ్గర సున్నా కూడా రాశాం. అది నిజం కదా.

వెళ్ళేరోజు స్టేషన్‌లో కార్డు ఇస్తే అతను ముందు వైపు చూసి నవ్వాడు. వెనక్కి తిప్పి చదివాడు. ఏమీ అనలేదు. కార్డును చొక్కా జేబులో పెట్టి పైనుంచి చెయ్యి అదిమి పట్టుకున్నాడు, రైలు కదిలేదాకా. గ్రెట్జ్‌కీ కార్డు మాత్రం సీతారాండేరాలోనే, తాతగారి బిస్కెట్ల డబ్బాలో ఉంది.

మా నోటుపుస్తకంలో ఇప్పుడు నాలుగు గడులున్నాయి: గోల్స్, సాయాలు, ఆపినవి, చేసిన మేలు. చివరి గడి నింపడం కష్టం. ఎవరికి వారు రాసుకోకూడదు, పక్కవాడే రాయాలని నియమం పెట్టుకున్నాం.

మీకొక మాట

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో భారత మహిళల జట్టు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి సెమీఫైనల్‌కు వెళ్ళింది. చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టుతో జార్ఖండ్ నుంచి ఖూంటీ జిల్లా అమ్మాయి నిక్కీ ప్రధాన్, సిమ్‌డేగా అమ్మాయి సలీమా టేటే వెళ్ళారు. చిత్తూరు జిల్లా అమ్మాయి రజని ఎతిమరపు అదనపు గోల్‌కీపరుగా వెళ్ళింది. తెలుగు అమ్మాయీ జార్ఖండ్ అమ్మాయిలూ ఒకే జట్టులో. మీరు బదిలీ మీద వెళ్ళిన ఊళ్ళో కూడా మీకు ఇలాంటి జట్టు ఒకటి దొరుకుతుంది. దొరికినప్పుడు లెక్కల పుస్తకంలో గడులు కాస్త ఎక్కువగా గీయండి.

చేసి చూడండి

1. గ్రెట్జ్‌కీ తొమ్మిది సీజన్ల గోల్స్, సాయాలు ఈ వ్యాసంలో ఉన్నాయి. ప్రతి సీజన్‌కూ పాయింట్లు లెక్కకట్టండి. అన్నిటికంటే ఎక్కువ పాయింట్లు ఏ సీజన్‌లో వచ్చాయి? ఆ సీజన్‌లో గోల్స్ ఎక్కువా, సాయాలా?

2. మీరున్న ఊళ్ళో గానీ, మీ సొంత ఊళ్ళో గానీ ఉన్న ఒక పాత ఆటగాడి గురించి పెద్దలను అడిగి తెలుసుకోండి. ఆయన ఏ ఉద్యోగం చేశారో తప్పక అడగండి.

3. ఆయనకు కార్డు చేయండి. వెనుక వైపు, మామూలు కార్డులో లేని గడి ఒకటి మీరే కనిపెట్టి చేర్చండి. ఆ గడి ఎందుకు అవసరమో మూడు వాక్యాల్లో రాయండి.

4. గత ఏడాది మీ తరగతి నుంచి బదిలీ మీద వెళ్ళిన మిత్రుడికో మిత్రురాలికో ఈ వారంలో ఒక ఉత్తరం రాయండి. ఈ ప్రశ్నకు మార్కులు లేవు.